కింది వరుస నుంచి చదవాల్సిన బోర్డులు: లౌడన్ కౌంటీ రోడ్ల పక్కన చరిత్ర

వర్జీనియాలో ఏ పాత రోడ్డు మీద వెళ్లినా అక్కడక్కడా వెండి రంగు బోర్డులు కనిపిస్తాయి. ఒంటి స్తంభం, నల్లటి అక్షరాలు, పైన రాష్ట్ర ముద్ర. గంటకు 55 మైళ్ల వేగంతో పోతుంటే శీర్షిక చదివేలోపే బోర్డు వెనక్కి వెళ్లిపోతుంది. మేం లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్‌కు వచ్చిన కొత్తలో చాలాకాలం నేను వాటిని మైలురాళ్లలాగే చూశాను. ఒక శనివారం మా అమ్మాయిని ప్రాక్టీసుకు దింపాక గంట టైమ్ దొరికితే, ఒక బోర్డు దగ్గర కారు ఆపుకుని, దిగి చదివాను. మొత్తం వంద మాటలు ఉంటాయేమో. చదివాక తెలిసినదానికన్నా తెలుసుకోవాల్సినదే ఎక్కువైంది. ఇన్ని జరిగిన చోట దీన్నే ఎందుకు రాశారు? ఎవరు రాశారు? ఎవరు డబ్బు పెట్టారు?

ఆ ప్రశ్నలకు జవాబు బోర్డు అడుగునే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఒక సంస్థ పేరు, ఒక సంవత్సరం. అప్పటినుంచి నేను ఈ బోర్డుల్ని కింది వరుస నుంచి పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. పైనున్న వాక్యాలు ఏదో ఒక పాతకాలం గురించి చెబుతాయి. కింది వరుస ఆ వాక్యాలు రాసిన కాలం గురించి చెబుతుంది. 1862లో జరిగిన సంగతిని 1928లో రాశారా, 2018లో రాశారా అన్నది చాలా పెద్ద తేడా. మన శాసనాల్లోనూ అంతే కదా. ఎవరు వేయించారు, ఏ శక సంవత్సరంలో అన్నది చూడకుండా పొగడ్త మాత్రమే చదివితే ఆ రాజు ఒక్క యుద్ధమూ ఓడిపోలేదని నమ్మాల్సి వస్తుంది.

కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. లౌడన్ కౌంటీ వాషింగ్టన్‌కు వాయవ్యంగా, పొటోమాక్ నది ఒడ్డున ఉంది. 1757లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీని విడదీసి దీన్ని ఏర్పాటు చేశారు. అప్పట్లో ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ సేనలకు అధిపతిగా, పేరుకు వర్జీనియా గవర్నరుగా ఉన్న లౌడన్ ప్రభువు జాన్ క్యాంప్‌బెల్ పేరు పెట్టారు. మరుసటి ఏడాది లీస్‌బర్గ్ ఊరు ఏర్పడింది. ఇప్పటికీ అదే ముఖ్య పట్టణం. 1990లో ఈ కౌంటీ జనాభా 86,129. 2020 లెక్కల్లో 4,20,959. అంటే ఇక్కడున్న వాళ్లలో అత్యధికులు, మా తెలుగు కుటుంబాలతో సహా, నిన్నమొన్న వచ్చినవాళ్లమే. తాత చెబితే తెలిసే ఊరి చరిత్ర మాకు లేదు. మాకున్నవి ఈ బోర్డులే. అందుకే వాటిని సరిగ్గా చదవడం మాకు మరీ అవసరం అనుకుంటాను.

కారుతో పాటు వచ్చిన చరిత్ర

ఇలాంటి చరిత్ర బోర్డులను మార్కర్లు అంటారు. వర్జీనియా మార్కర్ల పథకం 1927లో మొదలైంది. అమెరికాలోని రాష్ట్రాల్లో ఇలాంటి పథకాల్లో ఇది చాలా పాతది. మొదటి బోర్డులు రిచ్‌మండ్, అలెగ్జాండ్రియా మధ్య ఒకటో నంబరు జాతీయ రహదారి పక్కన పెట్టారు. అప్పటికి మధ్యతరగతి ఇళ్లకు కారు వచ్చింది. రోడ్లు కొత్తగా పడుతున్నాయి. కారున్న కుటుంబం సెలవుల్లో ఎటు వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ భోజనం చేస్తుంది అన్నది రాష్ట్రాలకు ఆదాయం విషయం అయింది. కన్జర్వేషన్ అండ్ డెవలప్‌మెంట్ కమిషన్ అనే సంస్థ ఈ పని చేపట్టింది. దానికి విలియం కార్సన్ అధ్యక్షుడు. చరిత్ర విభాగాన్ని చూసినవాడు హెచ్. జె. ఎకెన్‌రోడ్ అనే చరిత్రకారుడు. గవర్నరు హ్యారీ బర్డ్. ఈ చివరి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బోర్డు మీద పైన కనిపించే అక్షరం, అంకె ఆనాటి ఏర్పాటే. ఒక్కో రోడ్డుకు ఒక్కో అక్షరం ఇచ్చారు. లౌడన్‌లో 15వ నంబరు రోడ్డు మీద ఉన్నవాటికి ఎఫ్, 7వ నంబరు రోడ్డు మీదివాటికి టి, 50వ నంబరు రోడ్డు మీదివాటికి బి. జెడ్ అక్షరం ఉంటే అది కౌంటీ సరిహద్దు బోర్డు. ఒక పక్కన మీరు వదిలి వెళ్తున్న కౌంటీ, రెండో పక్కన మీరు అడుగుపెడుతున్న కౌంటీ గురించి ఉంటుంది. ఎప్పుడు ఏర్పడింది, దేనినుంచి విడిపోయింది, ఎవరి పేరు మీద వెలిసింది లాంటి వివరాలు. వాక్యాలు అంత క్లుప్తంగా ఉండటానికి కారణం కూడా కారే. రోడ్డు పక్కన నిమిషంసేపు ఆగినవాడు చదవగలిగినంతే రాయాలి.

తొలి ఇరవై ముప్ఫై ఏళ్లలో పెట్టిన బోర్డులు చూస్తే రెండు విషయాలే పదేపదే కనిపిస్తాయి. ఒకటి వలస పాలన నాటి పెద్ద కుటుంబాలు, వాళ్ల భవనాలు, చర్చిలు. రెండోది 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధం. బానిసత్వాన్ని కాపాడుకోవాలని దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు కాన్ఫెడరేట్ పక్షం, దేశాన్ని ఒక్కటిగా ఉంచాలన్న ఉత్తరాది యూనియన్ పక్షం. ఫలానా సేనాపతి ఈ దారిన వెళ్లాడు, ఫలానా చోట నది దాటాడు, ఫలానా ఇంట్లో రాత్రి బస చేశాడు. 1920ల చివర్లో ఆ యుద్ధం చూసిన ముసలివాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు. దాన్ని గొప్ప పోరాటంగా చెప్పుకోవడం తెల్లవాళ్ల ఇళ్లలో మామూలు విషయం. నల్లజాతివాళ్లకు ఓటు దాదాపు లేకుండా చేసిన కాలం అది. కాబట్టి ఏది చరిత్ర అని తేల్చే గదిలో వాళ్లు లేరు. 1860 జనగణనలో లౌడన్‌లో 5,500 మంది బానిసత్వంలో ఉన్నారు. కౌంటీ జనాభాలో నాలుగో వంతు. ఆ నాలుగో వంతు పాత బోర్డుల్లో కనిపించదు. బోర్డులో రాసింది అబద్ధం అని కాదు నేను చెప్పేది. చాలావరకు తేదీలు, పేర్లు సరైనవే. ఏది బోర్డు దాకా వచ్చింది, ఏది రాలేదు అన్నదే అసలు విషయం.

బాల్స్ బ్లఫ్

ఒక్క చోటును కాస్త నిదానంగా చూద్దాం. లీస్‌బర్గ్ ఊరి ఈశాన్యంగా పొటోమాక్ ఒడ్డున నిటారుగా లేచిన గట్టు ఉంది. పేరు బాల్స్ బ్లఫ్. 1861 అక్టోబరు 21న యూనియన్ సైన్యం నది దాటి ఆ గట్టెక్కింది. సరిపడా పడవలు లేవు. సాయంత్రానికి కాన్ఫెడరేట్ సైన్యం వాళ్లను గట్టు అంచుకు నెట్టింది. వెనక నది, ముందు తుపాకులు. చాలామంది నీళ్లలో మునిగిపోయారు. కొన్ని శవాలు వాషింగ్టన్ దాకా కొట్టుకుపోయాయి.

చనిపోయినవాళ్లలో కల్నల్ ఎడ్వర్డ్ బేకర్ ఒకడు. ఆయన ఒరెగాన్ రాష్ట్రం నుంచి సెనేటరు, అధ్యక్షుడు లింకన్‌కు ఆప్తమిత్రుడు. పదవిలో ఉంటూ యుద్ధంలో చనిపోయిన అమెరికా సెనేటరు ఆయన ఒక్కడే. గాయపడినవాళ్లలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే ఇరవై ఏళ్ల లెఫ్టినెంట్ ఉన్నాడు. తర్వాత ఆయనే సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఈ ఓటమికి బాధ్యులెవరో తేల్చాలని కాంగ్రెస్ ఆ డిసెంబరులో ఒక ఉమ్మడి కమిటీని వేసింది. జనరల్ చార్లెస్ స్టోన్‌ను ఆరు నెలలకు పైగా ఏ నేరమూ మోపకుండానే జైల్లో పెట్టారు. పాల్గొన్న సైన్యాల పరిమాణం చూస్తే ఇది చిన్న పోరు. దాని రాజకీయం మాత్రం అంతర్యుద్ధం ముగిసేదాకా సాగింది.

ఇప్పుడక్కడ పార్కు ఉంది. చెట్ల మధ్య చిన్న ప్రహరీలో ఒక జాతీయ శ్మశానం ఉంది. దేశంలోని చాలా చిన్న జాతీయ శ్మశానాల్లో అది ఒకటి. 25 రాళ్ల కింద 54 మంది. వాళ్లలో ఒక్కరి పేరే తెలిసింది. మిగతా రాళ్ల మీద తెలియదనే ఉంటుంది. దగ్గర్లోనే బేకర్ పేరుతో ఒక రాయి ఉంది. దాన్ని చూసి చాలామంది ఆయన సమాధి అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన్ని ఖననం చేసింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఇక్కడున్నది ఆయన పడిపోయిన చోటును గుర్తు చేసే రాయి మాత్రమే.

ఈ ఒక్క గట్టు మీదే ఎన్ని చేతులు పని చేశాయో చూడండి. రోడ్డు మీద రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన వెండి రంగు బోర్డు. లోపల ఫెడరల్ ప్రభుత్వం చూసుకునే శ్మశానం. పార్కు సంస్థ పెట్టిన బొమ్మల బోర్డులు, మ్యాపులు. ఎవరెవరో వేయించిన రాళ్లు. రాష్ట్రంలో మరెక్కడైనా ఎర్రటి బాకా గుర్తున్న బోర్డు కనిపిస్తే అది సివిల్ వార్ ట్రెయిల్స్ అనే వేరే సంస్థది. చూసేవాళ్లకు అన్నీ 'గవర్నమెంట్ బోర్డు'లే. కానీ ఒక్కోదానికి ఒక్కో యజమాని, ఒక్కో నియమావళి. ఒక బోర్డులో తప్పుంటే ఎవర్ని అడగాలన్నది ముందు ఎవరిదో తెలిస్తేనే తేలుతుంది.

ఒకే కౌంటీలో రెండు పక్షాలు

యుద్ధం బోర్డులు చదివితే లౌడన్ అంతా ఒకే పక్షాన నిలిచినట్టు అనిపిస్తుంది. ముఖ్యంగా 50వ నంబరు రోడ్డు మీద ఆల్డీ, మిడిల్‌బర్గ్ వైపు. అక్కడ కాన్ఫెడరేట్ దళపతి జాన్ మాస్బీ, ఆయన గుర్రపు దళం మెరుపు దాడులు చేస్తూ తిరిగారు. ఆ ప్రాంతాన్ని మాస్బీ రాజ్యం అన్నట్టే పిలిచేవాళ్లు.

ఉత్తరాన వాటర్‌ఫోర్డ్ ఊరికి వెళ్తే కథ తిరగబడుతుంది. 1730లలో క్వేకర్లు స్థాపించిన ఊరు అది. యుద్ధం, బానిసత్వం రెండూ పాపమని నమ్మిన మతశాఖ వాళ్లది. పక్కనే జర్మన్ రైతులు. 1861 మే నెలలో యూనియన్ నుంచి విడిపోవాలా వద్దా అని వర్జీనియాలో ఓటు జరిగితే కౌంటీ మొత్తం మీద విడిపోవాలన్నవాళ్లే గెలిచారు. వాటర్‌ఫోర్డ్ మాత్రం వద్దని గట్టిగా ఓటేసింది. 1862లో ఆ ఊరి మిల్లు యజమాని శామ్యూల్ మీన్స్ లౌడన్ రేంజర్స్ అనే దళాన్ని యూనియన్ తరఫున లేవదీశాడు. 1864లో లిడా డట్టన్, లిజ్జీ డట్టన్, సారా స్టీర్ అనే ముగ్గురు క్వేకర్ యువతులు చుట్టూ కాన్ఫెడరేట్ ప్రాంతం ఉండగానే యూనియన్‌కు మద్దతుగా ఒక చిన్న పత్రిక నడిపారు. ఆ నవంబరు చివర్లో మాస్బీకి తిండి గింజలు దొరక్కుండా చేయాలని యూనియన్ సైన్యమే వచ్చి కొట్టాలు, గాదెలు తగలబెట్టింది. కాలినవాటిలో తమ పక్షాన నిలిచిన క్వేకర్ రైతులవీ ఉన్నాయి.

విడిపోవాలని తీర్మానించిన వర్జీనియా సభకు అధ్యక్షత వహించినవాడు జాన్ జానీ, లీస్‌బర్గ్ వకీలు. ఆయన స్వయంగా విడిపోవద్దని ఓటేశాడు. ఓడిపోయాడు. కొద్ది రోజుల్లోనే సభ తరఫున, తర్వాత కాన్ఫెడరేట్ సేనానిగా పేరుపడ్డ రాబర్ట్ లీకి వర్జీనియా సైన్యాధిపత్యాన్ని అప్పగిస్తూ మాట్లాడింది కూడా ఆయనే. ఇలాంటి మనిషిని వంద మాటల్లో ఎలా ఇముడుస్తారు?

మార్కర్ వేరు, విగ్రహం వేరు

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. కొన్నేళ్లుగా అమెరికాలో విగ్రహాల గొడవ నడిచినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో కూడా బోర్డులనూ విగ్రహాలనూ కలిపి మాట్లాడేశారు. అవి ఒకటి కావు. వర్జీనియా మార్కర్ల పథకం తన నియమాల్లోనే స్పష్టంగా చెబుతుంది: మార్కర్ ఉద్దేశం తెలియజెప్పడం, గౌరవించడం కాదు. అందుకే చెడ్డ సంగతికి కూడా మార్కర్ ఉండొచ్చు. విగ్రహం ఉద్దేశమే గౌరవించడం. మనిషిని పీఠమెక్కించాక కింద ఏం రాసినా చూసేవాళ్లు తలెత్తే చూస్తారు.

లీస్‌బర్గ్ కోర్టు ఆవరణలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆ మెట్ల ముందు మనుషుల్ని వేలం వేశారు. 1840లో లియొనార్డ్ గ్రైమ్స్ అనే, పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్న నల్లజాతి బండివాడిని, ఒక బానిస కుటుంబం తప్పించుకోవడానికి సాయపడ్డాడని ఇక్కడే విచారించి రెండేళ్లు జైలుకు పంపారు. విడుదలయ్యాక ఆయన బోస్టన్ వెళ్లి పాస్టరయ్యాడు. 1908లో ఇదే ఆవరణలో కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహం లేచింది. తుపాకి పట్టుకుని నిలబడ్డ సైనికుడు. కోర్టుకు వచ్చే ప్రతి నల్లజాతి మనిషీ దాన్ని దాటుకునే లోపలికి వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కౌంటీ సైనికుల పేర్లతో పెట్టిన ఫలకంలో నల్లజాతి సైనికుల పేర్లు విడిగా, అడుగున వేశారు. ఒకే యుద్ధం, ఒకే చావు.

1933లో ఈ కోర్టులోనే జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లజాతి మనిషి మీద హత్య కేసు నడిచింది. ఆయన తరఫున వాదించింది చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్. హోవర్డ్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల అధిపతి, తర్వాత సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్‌కు గురువు. దక్షిణాదిలో నల్లజాతి వకీళ్ల బృందమే పూర్తిగా వాదించడం అప్పటికి చాలా అరుదు. జ్యూరీల్లో నల్లజాతివాళ్లను అసలు తీసుకోకపోవడాన్ని హ్యూస్టన్ అక్కడే ప్రశ్నించాడు. క్రాఫర్డ్‌కు ఉరి తప్పి యావజ్జీవం పడింది. స్కూళ్లలో జాతి వివక్షను కూల్చిన తర్వాతి పోరాటాలకు హ్యూస్టన్ వేసిన దారే ఆధారం. ఇప్పుడు ఆ పాత కోర్టుకు హ్యూస్టన్ పేరే పెట్టారు. 1908 నాటి విగ్రహం 2020 జూలైలో వెళ్లిపోయింది. ఆ ఏడాదే రాష్ట్ర చట్టం మారి, ఇలాంటివి ఉంచాలో తీయాలో స్థానిక ప్రభుత్వాలే తేల్చుకునే వీలు వచ్చింది. దాన్ని ఒకప్పుడు పెట్టించిన మహిళా సంఘమే తిరిగి తీసుకుంది.

రోడ్ల పేర్లూ ఈ లెక్కలోకే వస్తాయి. నాకు తెలిసి అన్నిటికన్నా ఎక్కువమంది చదివే మార్కర్ రోడ్డు పేరే. మొదట్లో గుర్తు పెట్టుకోమన్న హ్యారీ బర్డ్ ఇక్కడ మళ్లీ వస్తాడు. మార్కర్ల పథకం మొదలైనప్పటి గవర్నరు తర్వాత సెనేటరయ్యాడు. స్కూళ్లలో నల్ల, తెల్ల పిల్లల్ని కలపాలని 1954లో సుప్రీంకోర్టు తీర్పిస్తే, దాన్ని అడ్డుకోవడానికి 'మాసివ్ రెసిస్టెన్స్' పేరుతో ఉద్యమం నడిపించాడు. వర్జీనియాలో కొన్ని చోట్ల కలపడం కన్నా మేలని స్కూళ్లనే మూసేశారు. మేం రోజూ ఆఫీసుకు వెళ్లే 7వ నంబరు రోడ్డు చాలాకాలం ఆయన పేరుతోనే ఉంది. 50వ నంబరు రోడ్డుకు మాస్బీ పేరు ఉండేది. లౌడన్ కౌంటీ పాలక మండలి ఈ రెండు పేర్లూ మార్చాలని నిర్ణయించింది. ఇప్పుడవి లీస్‌బర్గ్ పైక్, లిటిల్ రివర్ టర్న్‌పైక్. కొత్తగా పుట్టించిన పేర్లు కావు, ఆ దారులకు పూర్వం నుంచీ ఉన్న పేర్లే.

మా ఆష్‌బర్న్ కూడా ఒకప్పుడు ఆష్‌బర్న్ కాదు. 1896 దాకా ఫార్మ్‌వెల్. పిడుగు పడి ఒక యాష్ చెట్టు రోజుల తరబడి కాలిందని, అందుకే ఆ పేరని ఒక కథ చెబుతారు. మన ఊళ్ల పేర్ల కథల్లాగే ఇదీ వినడానికి బాగుంటుంది. రుజువు మాత్రం అడగకూడదు. పాత పేరు ఇప్పుడు ఒక స్కూలు పేరులో, ఒక రోడ్డు పేరులో బతికి ఉంది.

ఆలస్యంగా వచ్చిన బోర్డులు

డేటా సెంటర్ల మధ్య, టౌన్‌హౌసుల వరుసల మధ్య ఆష్‌బర్న్‌లో ఒక చిన్న చెక్క భవనం ఉంది. 1892లో నల్లజాతి పిల్లల కోసం కట్టిన ఒక గది బడి. 2016 అక్టోబరులో కొందరు టీనేజ్ కుర్రాళ్లు దాని గోడల మీద నాజీల స్వస్తిక గుర్తులు, జాతి ద్వేషపు రాతలు రాశారు. కేసు కోర్టుకు వెళ్లింది. వాళ్లకు పడిన శిక్షలో పుస్తకాలు చదవడం, వాటి గురించి రాయడం, మ్యూజియంలకు వెళ్లడం ఉన్నాయి. అంతకు ముందే ఆ బడిని బాగుచేయడానికి ఒక స్థానిక స్కూలు విద్యార్థులు విరాళాలు సేకరిస్తున్నారు. ఈ సంగతి బయటికి వచ్చాక విరాళాలు వెల్లువెత్తాయి. భవనం మళ్లీ నిలబడింది. ఆ రాతలు రాసిన కుర్రాళ్లు దాని పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో. అదేమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒక బోర్డు చేయగలిగిన పని ఏదైనా ఉంటే అదీ.

7వ నంబరు రోడ్డు, బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు కలిసే చోట చెట్ల మధ్య ఒక శ్మశానం ఉంది. బెల్మాంట్ తోటల్లో పనిచేసిన బానిసలది. పేర్లు చెక్కిన రాళ్లు కావు, నేలలో గుచ్చిన మామూలు బండరాళ్లు. పదేళ్ల కిందటి దాకా ఆ పక్కనుంచి వెళ్లేవాళ్లకు అది అడవి. పక్కనే ఉన్న బెల్మాంట్ భవనానికి మాత్రం గుర్తింపు ఎప్పటినుంచో ఉంది.

1889 నవంబరులో ఓరియన్ అండర్సన్ అనే నల్లజాతి టీనేజ్ కుర్రాడిని లీస్‌బర్గ్ జైలు నుంచి ఒక గుంపు లాక్కెళ్లి రైల్వే గూడ్స్ డిపో దగ్గర చంపింది. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ రైలు మార్గం 1968లో మూతపడి, ఇప్పుడు మనం సైకిళ్లు తొక్కే, సాయంత్రాలు నడిచే డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ అయింది. 2019 జూన్‌లో, 130 ఏళ్ల తర్వాత, ఆ చోట ఆయన పేరుతో బోర్డు వెలిసింది. అక్కడికి వెళ్లినప్పుడు దయచేసి ఒక్క నిమిషం ఆగండి. స్ట్రోలర్లు, కుక్కపిల్లలు, ఐస్‌క్రీములు పట్టుకున్న పిల్లలు, మధ్యలో ఆ బోర్డు. నేను మొదటిసారి చదివినప్పుడు మా అమ్మాయి ఏమైందని అడిగితే ఇంటికి వెళ్లే దాకా జవాబు చెప్పలేకపోయాను.

లౌడన్‌లో నల్లజాతి పిల్లలకు సరైన హైస్కూలు లేకపోతే తల్లిదండ్రులే కౌంటీవైడ్ లీగ్ అనే సంఘంగా ఏర్పడ్డారు. చందాలు వేసుకుని లీస్‌బర్గ్‌లో ఎనిమిది ఎకరాలు 4,000 డాలర్లకు కొన్నారు. దాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు ఇచ్చారు. వాళ్ల తరఫున బోర్డుకు ఉత్తరం రాసిన వకీలు మళ్లీ హ్యూస్టనే. 1941లో డగ్లస్ హైస్కూల్ తెరుచుకుంది. లౌడన్ స్కూళ్లలో పిల్లలందరినీ పూర్తిగా కలిపిన 1968 దాకా కౌంటీలో నల్లజాతి పిల్లలకు అదొక్కటే హైస్కూలు. పన్నులు కట్టినవాళ్లే స్థలం కొని ప్రభుత్వానికి ఇచ్చి, బడి కట్టండని బతిమాలాల్సి వచ్చింది. ఈ కౌంటీ గురించి నాకు ఒక్క బోర్డే పెట్టే వీలుంటే దీని గురించే పెడతాను.

బోర్డు ఎలా పుడుతుంది

చాలామందికి తెలియని సంగతి: రాష్ట్ర మార్కర్ కోసం ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. తొలి దశాబ్దాల్లో ప్రభుత్వమే విషయాలు ఎంచి పెట్టింది. ఇప్పుడు ప్రతిపాదన బయటినుంచి వస్తుంది, తయారీ ఖర్చు సాధారణంగా అడిగినవాళ్లే పెట్టుకోవాలి. చర్చి, స్కూలు, పూర్వ విద్యార్థుల సంఘం, ఊరి చరిత్ర సంఘం, ఎవరైనా. డిపార్ట్‌మెంట్ ఆఫ్ హిస్టారిక్ రిసోర్సెస్ దాన్ని పరిశీలిస్తుంది. అక్కడి చరిత్రకారులు ఆధారాలు అడుగుతారు. 'మా తాత చెప్పాడు' అంటే సరిపోదు. ఆనాటి దస్తావేజులు, కోర్టు రికార్డులు, పత్రికలు, జనగణన పత్రాలు కావాలి. ఊరికి మాత్రమే పట్టే విషయం చాలదు, ఇంకా విస్తృతమైన ప్రాముఖ్యం చూపించాలి. సాధారణంగా యాభై ఏళ్ల కిందటి సంగతై ఉండాలి. బతికున్న మనుషుల మీద మార్కర్ ఉండదు. పాఠాన్ని దాదాపు వంద మాటలకు కుదించి, ఒక రాష్ట్ర మండలి ఆమోదించాక, పోత పోసిన లోహంతో బోర్డు తయారవుతుంది.

కాబట్టి మార్కర్ల మ్యాపు చూసినప్పుడు కనిపించేది గతం తాలూకు మ్యాపు ఒక్కటే కాదు. అడగగలిగిన వాళ్లెవరు, కాగితాలు దాచుకోగలిగిన వాళ్లెవరు, డబ్బు కూడగట్టగలిగిన వాళ్లెవరు అన్న మ్యాపు కూడా. సేనాపతి వెళ్లిన దారికి ఉత్తరాలు, నివేదికలు కుప్పలుగా ఉంటాయి. చదవడం నేర్పితేనే నేరంగా చూసిన మనుషుల జీవితాలకు కాగితాలెక్కడ? ఉన్నవి వాళ్లను సొమ్ముగా రాసుకున్న వీలునామాలు, పన్ను లెక్కలు. రుజువు అడగడం సరైన నియమమే, నేను దాన్ని సమర్థిస్తాను. ఆ నియమం అందరి మీదా ఒకేలా పడదన్నది కూడా నిజమే.

డల్లస్ విమానాశ్రయం ఇందుకు మంచి ఉదాహరణ. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరి ఈ ప్రాంతానికి వచ్చే మనవాళ్లు ఎక్కువగా దిగేది అక్కడే. 1958లో ప్రభుత్వం ఆ స్థలాన్ని ఎంచుకున్నప్పుడు అక్కడ విల్లార్డ్ అనే ఊరు ఉంది. ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు. ఇళ్లూ పొలాలూ ప్రభుత్వం తీసుకుంది, ఊరు ఖాళీ అయింది. 1962లో విమానాశ్రయం తెరిచారు. మా అమ్మానాన్నలను తీసుకురావడానికి నేను అక్కడికి ఎన్నిసార్లు వెళ్లానో. ఆ ఊరి పేరు తెలిసింది మాత్రం మొన్నమొన్న.

మన వంతు

2021లో వర్జీనియా ఒక మంచి పని చేసింది. ఆసియా, పసిఫిక్ ద్వీపాల మూలాలున్నవాళ్ల చరిత్ర మీద మార్కర్లు సూచించమని స్కూలు పిల్లలను అడిగింది. వాటిలో ఐదింటిని ఎంచారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదివి తర్వాత చైనాలో పెద్ద పదవులు చేసిన డబ్ల్యూ. డబ్ల్యూ. యెన్, కొరియా స్వాతంత్ర్యం కోసం పనిచేసిన కిమ్ క్యూసిక్, కాలేజీ ఫుట్‌బాల్ ఆడిన ఆర్థర్ మాట్సు, అమెరికా నౌకాదళంలో ఫిలిప్పీన్స్ వాళ్లు, ఉత్తర వర్జీనియాకు వచ్చిన వియత్నాం శరణార్థులు. చెప్పింది పిల్లలు. పెద్దవాళ్లకు తట్టనివి వాళ్లకు తట్టాయి.

ఆ జాబితా చూసిన రోజు మా అమ్మాయి, మరి తెలుగువాళ్లది ఎప్పుడొస్తుందని అడిగింది. యాభై ఏళ్ల నియమం గురించి చెప్పాను. ఈ కౌంటీలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడింది ఈ శతాబ్దంలోనే. అంటే తను బామ్మ అయ్యాక. 'అప్పుడు రుజువులు ఎవరి దగ్గరుంటాయి?' అని వెంటనే అడిగింది.

దానికి నా దగ్గర జవాబు లేదు. బేస్‌మెంట్‌లోకి వెళ్లి పెట్టెలు తీశాను. ఫోటోలన్నీ పాత ఫోన్లలో, పనిచేయని హార్డ్ డ్రైవుల్లో. కాగితం మీద దొరికింది ఒక్కటే, మేం వచ్చిన కొత్తలో ఒక స్కూలు కెఫెటేరియాలో జరిగిన ఉగాది కరపత్రం. జిరాక్స్ కాపీ. స్థలం ఉంది, టైమ్ ఉంది, పచ్చడి ఎవరు తేవాలో, పులిహోర ఎవరు తేవాలో ఉంది. తేదీ ఉంది కానీ ఏ సంవత్సరమో ఎవరూ వేయలేదు. నిరాశగా తిప్పి చూస్తుంటే పైన అలంకారంగా రాసిన వరుస కనబడింది: 'పార్థివ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు'. పార్థివ అంటే 2005. పెన్సిల్‌తో కరపత్రం అడుగున ఆ అంకె వేసి, పక్కన మేం అప్పుడున్న వీధి పేరు రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టాను. పులిహోర తెచ్చిన కుటుంబం ఇప్పుడు టెక్సాస్‌లో ఉంది. వాళ్ల దగ్గర ఫోటోలు ఏమైనా ఉన్నాయేమో అడగడానికి ఈ రాత్రి ఫోన్ చేయాలి.